పద్నాలుగో పిన్ను

గురప్ప షెడ్డులో, కిటికీ పక్కన కొట్టిన మేకుకు ఒక పాత పౌడరు డబ్బా వేలాడుతూ ఉంటుంది. అందులో వేలెడంత ఉక్కు పిన్ను ఒకటి గ్రీజు గుడ్డలో చుట్టి ఉంది. పదకొండేళ్లుగా ఉంది. ఏడాదికోసారి, ఉగాదికో ఆ తర్వాతో, డబ్బా దించి, గుడ్డ విప్పి, కొత్త గ్రీజు పూసి మళ్లీ చుట్టి పెడతాడు. తుప్పు పడితే ఇంకొకటి చేయించాలి. చేయించాలంటే పుత్తూరులో లేతు మిషను నడిపే కాశింవలి దగ్గరికి పోవాలి. కాశింవలి మంచివాడే, పనిమంతుడే, కానీ చేసే వస్తువు దేనికో తెలియకపోతే ఆయనకు అన్నం సయించదు. పద్నాలుగు పిన్నులు ఒకేసారి చేయించుకున్నప్పుడే దేనికని అడిగాడు. గురప్ప ఏదో చెప్పి తప్పించుకున్నాడు. పదమూడు పిన్నులు పోవలసిన చోటికి పోయాయి. ఇదొక్కటి మిగిలింది.

గురప్ప ఇల్లు వడమాలపేట దాటి పుత్తూరు వైపు పోయే రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. ఇంటి వెనకాల రేకుల షెడ్డు. దాని చుట్టూ ముప్పై నలభై ఏళ్ల కిందటి టిల్లర్లు, వాటి వెనక తిరిగే కత్తుల రోటవేటర్లు, ఇంజన్లు, చక్రాలు, కొన్ని నిలబడి, కొన్ని పక్కకు పడి, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంటాయి. పెద్ద ట్రాక్టరు దిగలేని చిన్న చిన్న కయ్యల్లో, మనిషి వెనక నడుస్తూ దున్నుకునే యంత్రాలవి. ఇప్పుడు కొత్తవి వస్తున్నాయి. వాటిని రేకు డబ్బాలంటాడు గురప్ప. పాతదాని గేర్ బాక్సును సుత్తితో తడితే గంట మోగినట్టు మోగుతుందనీ, కొత్తదాన్ని తడితే బిస్కెట్ డబ్బా చప్పుడొస్తుందనీ, కొనేవాడికి రంగు కనబడితే చాలుననీ వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. ఆ చెప్పడంలో ఒక పులుపు ఉంటుంది. ఆరో తరగతిలో బడి మానేసి పానా పట్టుకున్న మనిషి. షోరూములో యూనిఫారాలు తొడుక్కున్న పిల్లకాయలు ఆయన బాగుచేసిన బండిని కాలితో తట్టి, సర్టిఫికెట్టు ఏదని నవ్విన రోజును ఆయన మరచిపోలేదు. మరచిపోయే రకం కాదు.

పని మాత్రం పనే. పట్టేసిన ఇంజను వస్తే సిలిండరులో నూనె పోసి వారం రోజులు దాని జోలికి పోడు. తొందరపడి సుత్తి ఎత్తేవాణ్ణి దగ్గరికి రానివ్వడు. ప్రతి ముక్కా ఊడదీసి, కిరసనాయిల్లో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో తోమి, అరిగిన కత్తికి కొత్త ఉక్కు అతికించి, తుప్పు పట్టకుండా ఎర్రమందు పూసి, ఆ పైన రంగు వేస్తాడు. తాను తెరిచిన ప్రతి గేర్ బాక్సు కవరుకూ లోపలి వైపు పంచితో మూడు చుక్కలు కొడతాడు. సంతకం లాంటిది. చదువుకున్నవాడికి సంతకం ఉంటే, తనకు మూడు చుక్కలున్నాయి.

మాఘం వెళ్లి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం, షెడ్డు ముందు మినీ లారీ ఆగింది. వెనకాల గోనె పట్టాలు కప్పిన టిల్లరు. ముందు సీటులోంచి ఒకామె దిగింది. కుడికాలు నేల మీద ఊని, ఎడమకాలు తర్వాత జాగ్రత్తగా దించింది. ఆ ఎడమకాలికి మగవాళ్ల బూటు ఉంది. ముందు సగం గుడ్డ కుక్కిన బూటు.

గురప్ప ఆమె ముఖం చూడక ముందే ఆ బూటు చూశాడు. చేతిలో పానా చేతిలోనే ఉండిపోయింది.

కొత్తపల్లె మునిప్రసాద్ భార్య లోకేశ్వరి. బాగుండావానా అని పలకరించి, నీళ్లడిగి తాగి, వచ్చిన పని చెప్పింది. చామంతి తోటకు మనుషులు దొరకడం లేదు. పెద్ద ట్రాక్టరు వాళ్ల కయ్యల్లో దిగదు. ఈ బండి పదకొండేళ్లుగా పశువుల కొట్టం మూల పడి ఉంది. దీన్ని మళ్లీ నడిచేలా చేయాలి. మొగుడు పూలు వేసుకొని తిరుపతి మార్కెట్టుకు పోయిన పూట చూసి ఎత్తించుకొచ్చింది. అడిగితే పాత ఇనుమువాడికి వేసేశానని చెబుతుందట.

నడిపేదెవరని గురప్ప అడిగాడు. అడిగేటప్పుడు ఆమె వైపు చూడలేదు, బండి బెల్టు వైపు చూశాడు.

"ఎవురునా? నేనే" అంది లోకేశ్వరి. "ఆయన దీన్ని ముట్టుకోడు. పదకొండేండ్లుగా ఎకరం ముప్పావూ పారతోనే తవ్వతా ఉండాడు. నడుము పోయింది. ఆస్పత్రిలో ఉన్నెప్పుడు నేను ఒక్క మాట అంటి, కండ్లు యాడ పెట్టుకున్నావని. నొప్పిలో అన్న మాటనా అది. ఆయన దాన్ని ఇంకా మింగతానే ఉండాడు. నేను దున్ని సూపిస్తే గానీ అది దిగదు."

గురప్ప ఊ అన్నాడు.

పోయేటప్పుడు లారీ ఎక్కబోతూ ఆగి, ఇంకో మాట కూడా అంది. నీ తప్పేమీ లేదని ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతాడనీ, కత్తులు ఆపినాకే రివర్సు వేయమని గురప్పన్న ఆ పొద్దే చెప్పినాడు, మరిసింది నేనే అంటాడనీ. లారీ కదిలింది. గురప్ప బెల్టు పట్టుకొని అలాగే కూర్చున్నాడు. అది ఎప్పుడో తెగిపోయిన బెల్టు. చూడడానికి అందులో ఏమీ లేదు.

రెండు రోజులు ఆయన ఆ గేర్ బాక్సు తెరవలేదు. ఇంజను దించాడు, చక్రాలు విప్పాడు, రోటవేటరు కత్తులు ఒక్కొక్కటే ఊడదీసి వరసగా పేర్చాడు. కత్తులు కడిగేటప్పుడు మాత్రం గ్లౌజులు తొడుక్కున్నాడు. ఎప్పుడూ తొడగనివాడు. మూడో రోజు ఇక చేయడానికి వేరే పని లేకపోయింది. కవరు బోల్టులు విప్పి, తిప్పి పట్టుకున్నాడు. లోపల నల్లగా గట్టిపడిన నూనె మడ్డి. వేలితో తుడిస్తే మూడు చుక్కలు బయటపడ్డాయి. లివర్ల మధ్య, పిన్ను ఉండవలసిన చోట, ఆకురాయితో నున్నగా అరగదీసిన మొండి ఉంది. తన చెయ్యే. అంత నున్నగా ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అరగదీయలేరు.

ఆ పిన్ను చేసే పని చిన్నదే. వెనక కత్తులు తిరుగుతున్నంతసేపూ రివర్సు గేరు పడనివ్వదు. నడిపేవాడు ముందు కత్తులు ఆపాలి, తర్వాతే బండి వెనక్కు వస్తుంది. తిరిగే కత్తులు మనిషి మీదికి రాకూడదని కంపెనీవాడు పెట్టిన అడ్డం. కానీ చిన్న కయ్యలో పది గజాలకో గెనిమ అడ్డం వస్తుంది. గట్టు దగ్గరికి పోయిన ప్రతిసారీ కత్తులు ఆపి, వెనక్కు తీసి, మళ్లీ కత్తులు వేసుకోవడమంటే రైతుకు చిరాకు. ఆ చిరాకు గురప్ప కనిపెట్టాడు. బాగుచేయడానికి వచ్చిన బండిలో ఎవరూ అడగకుండానే పిన్ను తీసేసి, మొండి అరగదీసి ఇచ్చాడు. బండి గెనిమ దగ్గర గిర్రున తిరిగేది. గురప్ప చెయ్యి పడితే బండి బొంగరమే అన్నారు. నగరి నుంచి, కార్వేటినగరం నుంచి బండ్లు వచ్చాయి. షోరూము పిల్లకాయలకు చేతకానిది తనకు చేతనైందని గురప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అలా పద్నాలుగు బండ్లు.

కంపెనీ పుస్తకంలో ఆ పిన్ను బొమ్మ ఉంది. పక్కన ఇంగ్లీషులో రెండు వరసలు, ఎర్ర అక్షరాలు. నాకు చదవడం రాదు కదా అని ఈ పదకొండేళ్లలో ఆయన తనకు తాను చెప్పుకున్న సార్లకు లెక్క లేదు. కానీ ఎరుపంటే ఏమిటో తెలియడానికి బడికి పోనక్కరలేదు.

మునిప్రసాద్ బండి పద్నాలుగోది. పళ్లిపట్టు దగ్గర ఎవరిదో పాడైపోయిన బండిని కొనుక్కొచ్చి గురప్ప చేతిలో పెట్టాడు. అంతకు ముందు టిల్లరు పట్టి ఎరగడు. బాగుచేసిన బండిని అప్పగిస్తూ, షెడ్డు గడప దగ్గర నిలబడి గురప్ప గొప్పగా అన్నాడు, ఆపే పనే లేదు, యాడ కావాలంటే ఆడ తిప్పుకో అని. నెలన్నర తర్వాత ఒక పొద్దున, గెనిమ దగ్గర మునిప్రసాద్ రివర్సు వేశాడు. కత్తులు తిరుగుతూనే ఉన్నాయి. బండి ఒక్క ఊపున వెనక్కు వచ్చింది. ఆయన పక్కకు పడ్డాడు. వెనకాల గరిక ఏరుతున్న లోకేశ్వరి తప్పుకోలేకపోయింది. ఎముక విరిగి ఉంటే పుత్తూరులో కట్టు కట్టించి ఇంటికి తెచ్చుకునేవాళ్లు. కట్టు కట్టడానికి అక్కడ వేళ్లు లేవు.

ఆ మరునాడు కొత్తపల్లె క్రాసులో ధనంజయ టీ బంకు దగ్గర అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. బండి చేసింది గురప్పే కదా అని ఎవరో అన్నారు. మాటవరసకే అన్నారు. గురప్ప గ్లాసు కింద పెట్టి, రివర్సు వేసేముందు కత్తులు ఆపాలని ఆ రోజే చిలక్కి చెప్పినట్టు చెప్పినానప్పా అన్నాడు. పది మందికీ వినబడేలా అన్నాడు. ఆ మాట బంకు దగ్గర్నించి ఊళ్లోకి, ఊళ్లోంచి ఆస్పత్రికి, ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్న మునిప్రసాద్ చెవికి చేరింది. ఆ స్థితిలో ఉన్న మనిషి దేన్నయినా నమ్ముతాడు. పోను పోను అది ఆయన సొంత జ్ఞాపకమైపోయింది.

గురప్ప ఆ వారమే కాశింవలి దగ్గర పద్నాలుగు పిన్నులు చేయించుకున్నాడు. ఫ్రీ సర్వీసని చెప్పి ఊరూరూ తిరిగి, రెండేళ్లలో పదమూడు బండ్లలో పిన్ను మళ్లీ బిగించాడు. పైసా రాల్చని మనిషి ఊరికే పని చేయడమేమిటని జనం నవ్వారు. భార్య మోహన నవ్వలేదు, తిట్టింది. ఆ పదమూడు మందీ కూడా సంతోషపడలేదు. బండి మునుపటిలా తిరగడం లేదు, రివర్సు పట్టేస్తోంది, గురప్ప చెయ్యి పోయింది అన్నారు. ఆ మాటలన్నీ పడ్డాడు. కొత్తపల్లెకు మాత్రం పోలేకపోయాడు. ఆ క్రాసు మీదుగా పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేవాడు.

ఇప్పుడు బండే తన కాళ్ల దగ్గరికి వచ్చింది.

పన్నెండు రోజులు పట్టింది. ఆయన జీవితంలో ఏ బండికీ అంత పని చేయలేదు. బేరింగులన్నీ కొత్తవి వేశాడు. కత్తుల మీద రేకు మూత వెనక్కు ఇంకో జానెడు పొడిగించి, కింద రబ్బరు కట్టాడు. ఎడమకాలు సరిగా ఊననివాళ్లకు పట్టు దొరికేలా హ్యాండిళ్లు రెండంగుళాలు దించాడు. చివరికి డబ్బా దించి, గుడ్డ విప్పి, పద్నాలుగో పిన్ను బిగించాడు. నూలుపోగంత తేడా లేకుండా కూర్చుంది. బండి ఇచ్చేస్తే అయిపోతుంది. ఇక ఏ కత్తీ ఎవరి మీదికీ రాదు. లోపల ఏముందో కవరు మూశాక ఎవరికీ తెలియదు.

అంతటితో గుండె తేలికవుతుందని అనుకున్నాడు. కాలేదు. పొద్దున లేవగానే వచ్చి కత్తుల లివరు వేసి రివర్సు లాగి చూసేవాడు. పడదు. కాఫీ తాగి వచ్చి మళ్లీ లాగేవాడు. పడదు. మోహన వాకిట్లోంచి చూసి, "అదేమన్నా పాలిస్తాదా, పొద్దన్నించీ పితకతా ఉండావు?" అంది. ఆయన ఇంకోసారి లాగి చూశాడు.

పదమూడో రోజు మునిప్రసాద్ వచ్చాడు.

మోపెడ్ వెనక ఖాళీ పూలగంప కట్టి ఉంది. మార్కెట్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. నలభై అయిదేళ్లుంటాయేమో, అరవై ఏళ్లవాడిలా ముందుకు వంగి నడుస్తున్నాడు. అరచేతులు పార పట్టి పట్టి కొయ్యలా అయ్యాయి. షెడ్డు మధ్యలో రంగు వేసి నిలబెట్టిన బండిని చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. ఇనుమువాణ్ణి అడిగితే నేను కొనలేదన్నాడట, అప్పుడే అర్థమైందట. గొంతు తగ్గించి, దొంగతనానికి వచ్చినవాడిలా మాట్లాడాడు. ఆమెకు చెప్పొద్దు, నేను వచ్చినట్టు అసలే చెప్పొద్దు అన్నాడు.

"గేర్ బాక్సు పగిలిపోయింది, బాగయ్యేది కాదు అని ఒక్క మాట చెప్పునా. నీ మాటైతే నమ్మతాది. ఊళ్లో నీ మాట ఎవురు కాదంటారు?"

గురప్పకు అది చెప్పడం ఎంత సులువు. ఒక్క మాట. బండి మూలన పడుతుంది, ఆమెకు ప్రమాదం లేదు, ఈయనకు భయం లేదు, తనకు ఇదంతా లేదు. నోరు తెరవబోయాడు కూడా. మునిప్రసాద్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. రోజూ బువ్వ తినేముందు గాలిలో చెయ్యి పెట్టి చూసుకుంటాడట, ముందు కత్తులు, తర్వాత రివర్సు, ముందు కత్తులు, తర్వాత రివర్సు అని. మరిచిన ఈ కుడిచేత్తో అన్నం కలపబుద్ధి కాక పదకొండేళ్లుగా స్పూనుతో తింటున్నాడట. ఊళ్లో దొర అని పేరు పెట్టినారునా అని కొంచెం నవ్వాడు.

ఆ నవ్వుతో గురప్ప నోట్లో మాట వెనక్కు పోయింది.

లేచి హ్యాండిలు వేసి ఇంజను తిప్పాడు. బండి దిమ్మెల మీద ఉంది, చక్రాలకు గానీ కత్తులకు గానీ నేల తగలదు. కత్తుల లివరు వేశాడు. కత్తులు గాలిలో తిరిగాయి. మునిప్రసాద్ గోడ దాకా వెనక్కు జరిగాడు.

"వచ్చి రివర్సు ఏయి" అన్నాడు గురప్ప.

"వద్దునా."

"దిమ్మెల మీద ఉండాదప్పా. యాడికీ పోదు. వచ్చి ఏయి."

మునిప్రసాద్ చాలాసేపటికి వచ్చాడు. లివరు పట్టుకున్నాడు. లాగాడు. కదల్లేదు. రెండు చేతులతో లాగాడు.

"పట్టేసింది" అన్నాడు.

"పట్టేయల్యా. లోపల పిన్ను ఉండాది. కత్తులు ఆపితేనే రివర్సు పడతాది. కంపెనీవాళ్లు అట్లనే చేసింటారు."

"మునుపు పడతా ఉండెనే?"

గురప్ప ఇంజను ఆపాడు. ఆపాక షెడ్డు మరీ నిశ్శబ్దమైపోయింది. ఆ చప్పుడులోనే చెప్పేసి ఉంటే బాగుండేదని ఆయనకు అప్పుడు తోచింది.

"మునుపు పిన్ను లేదు. నేనే తీసేసినా. నీకు బండి ఇచ్చే ముందరే. అది ఉన్నింటే, నువ్వు మరిసినా బండి వెనక్కు వచ్చుండదు. నీ చేతిలో తప్పు లేదు ప్రసాదూ."

మునిప్రసాద్ అర్థం కానట్టు చూశాడు. "చెప్పినావు గదన్నా, ముందర కత్తులు ఆపమని. నేనే గదా మరిసింది."

"చెప్పలేదు."

"నాకు గుర్తుండాదే. ఈడనే, ఈ గడప కాడ నిలబడి చెప్పినావు."

"ఈ గడప కాడ నేను చెప్పింది వేరే. ఆపే పనే లేదు, యాడ కావాలంటే ఆడ తిప్పుకో అన్నా. కత్తులు ఆపమన్నది టీ బంకు కాడ. నీకు కాదు. జరిగినాక."

మునిప్రసాద్ కొడతాడనుకున్నాడు గురప్ప. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆయన కొట్టలేదు. బోర్లించిన పెట్టె మీద కూర్చొని తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి తెచ్చి తనకు అతికించినట్టు. మోహన బయటి నుంచి కాఫీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, గ్లాసులు కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"ఆమెకు నువ్వే చెప్పాల" అన్నాడు చివరికి. "నేను చెప్తే నమ్మదు. తప్పించుకునేదానికి ఇన్నేండ్లకు కత పట్టుకొచ్చినాననుకుంటాది."

బండికి ట్రాలీ తగిలించి గురప్ప నడిపాడు. మునిప్రసాద్ మోపెడ్ షెడ్డులోనే వదిలేసి ట్రాలీలో కూర్చున్నాడు. నాలుగు కిలోమీటర్లు. క్రాసులో బంకు దగ్గర జనం తలలు తిప్పి చూశారు. ఇన్నేళ్ల తర్వాత గురప్ప ఆ దారిన వస్తున్నాడు.

లోకేశ్వరి వాకిట్లో నేల మీద కూర్చొని చామంతులు ఏరుతోంది. బండి చప్పుడు విని లేచింది, ట్రాలీలో మొగుణ్ణి చూసి ముఖం మారింది. కూర్చోమని పీట వాల్చింది. గురప్ప కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, పిన్ను దగ్గర్నించి బంకు దాకా, పదమూడు బండ్లూ, డబ్బా, అంతా. తనకు ఇంగ్లీషు రాదన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. చెబుతున్నంతసేపూ ఆ బూటు వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు గానీ చూపు అక్కడికే పోయింది.

ఆమె మధ్యలో ఒక్కటే అడిగింది. మిగతా పదమూడు బండ్లలో ముందు వేసి, మా ఇంటికి ఎందుకు రాలేదని. మొహం చెల్లలేదన్నాడు. ఆమె తలాడించింది, లెక్క సరిపోయిందన్నట్టు కాదు, విన్నానన్నట్టు.

తర్వాత మొగుడి వైపు చూసింది. ఆయన పూల గుట్టను చూస్తున్నాడు. ఆమె మళ్లీ గురప్ప వైపు తిరిగి, గొంతు పెంచకుండా, ఒక్కొక్క మాటే అడిగింది.

"కండ్లు యాడ పెట్టుకున్నావునా?"

ఆ మాట చేరవలసిన చోటికి పదకొండేళ్లు ఆలస్యంగా చేరింది, అంతే. ఆ ఇంట్లో ఎవరొచ్చినా మజ్జిగ ఇవ్వకుండా పంపరని పేరు. ఆమె లోపలికి పోయి ఒక్క చెంబే తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

గురప్ప చెప్పులు తొడుక్కున్నాడు. వెనక నుంచి ఆమె పిలిచింది.

"ఈడ చెప్పి ఏం లాభంనా? మేము ముగ్గురే గదా ఉండాము. ఆ పొద్దు యాడ చెప్పినావో ఆడ చెప్పు. ఈయన్ని దొర అనేవాళ్లంతా ఆడనే కూచోనుంటారు."

క్రాసు దాకా అర కిలోమీటరు నడక. గురప్పకు అది తెలిసిన దారే, ఇన్నేళ్లు తప్పించుకు తిరిగిన దారి. బంకు దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. ధనంజయ టీ తిరగబోస్తున్నాడు. బెంచీ మీద మునిరామయ్య, తన బండి రివర్సు పట్టేస్తోందని తొమ్మిదేళ్లుగా సణుగుతున్న పెద్దాయన, చెయ్యి ఊపాడు.

"ఏమప్పా, మళ్లా ఫ్రీ సర్వీసు మొదులుపెట్టినావా?"

నలుగురు నవ్వారు. ధనంజయ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గురప్ప దాన్ని తీసుకోలేదు. తీసుకుంటే చేతిలో గ్లాసుంటుంది, దాన్ని చూస్తూ ఇంకేదో మాట్లాడి వెళ్లిపోగలడు. తన సంగతి తనకు తెలుసు. అందుకే చేతులు వెనక్కు కట్టుకొని నిలబడి చెప్పాడు. మునిప్రసాద్ కు నేనేమీ చెప్పలేదనీ, ఈ బెంచీ మీదే కూర్చొని అబద్ధమాడాననీ, పిన్ను తీసింది నేనేననీ చెప్పాడు. పది మందికీ వినబడేలా చెప్పాడు. ఈసారి మధ్యలో రెండుసార్లు ఆగవలసి వచ్చింది.

బస్సొకటి వచ్చి ఆగి, ఎక్కేవాళ్లు లేక వెళ్లిపోయింది.

"నా దాంట్లో గూడా తీసేసింటివా?" అన్నాడు మునిరామయ్య.

"తీసేసినా. మళ్లా ఏసినా. తొమ్మిదేండ్లయింది."

మునిరామయ్య లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు నేలను చూశాడు. "అంతకు ముందర రెండేండ్లు మా కోడలు దాని ఎనక గడ్డి ఏరతా నడిచింది" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నా ఇంజను నీ షెడ్డులో ఉండాది గదా. సాయంత్రం వచ్చి తీసుకోని పోతా. విప్పింది విప్పినట్లే ఇచ్చేయి."

సరేనన్నాడు గురప్ప. ఆయన వెనకాలే ఇంకో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన కోసం పోసిన టీ బల్ల మీదే ఉంది. ధనంజయ తాగమనలేదు, తీయనూ లేదు.

అప్పుడు కొత్తపల్లె వైపు నుంచి టిల్లరు చప్పుడు వినబడింది. గురప్ప చెవి అటు పోయింది. కత్తులు మట్టిలో దిగినప్పుడు ఇంజను గొంతు బరువెక్కుతుంది. బరువెక్కింది. అలా కొంతదూరం పోయింది. గెనిమ దగ్గరికి వచ్చి ఉండాలి, గొంతు తేలికైంది. కత్తులు ఆగాయి. చాలాసేపు ఇంజను ఒక్కటే, నిలబడినచోట కొట్టుకుంది. తర్వాత గేరు మారింది, బండి వెనక్కు వచ్చింది, మళ్లీ బరువు పడింది.

రెండో గెనిమ దాకా విన్నాడు. హ్యాండిలు ఎవరు పట్టుకున్నారో చప్పుడును బట్టి చెప్పడం ఆయన వల్ల కాలేదు. సాయంత్రం మునిరామయ్య వచ్చేలోగా ఇంజను ముక్కలన్నీ ఒకచోట సర్దాలి. తల వంచుకొని వడమాలపేట దారి పట్టాడు.